4 లక్షల పోస్టులు ఎందుకు చాలవు?

ప్రశ్న: నేను సామాజిక శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. నా డిసర్టేషన్ అంశం 'సమాజంలో ఒంటరితనం పెరుగుతోందా?'. ఇందుకోసం సోషల్ మీడియాలో 'ఒంటరి', 'ఒంటరితనం', 'ఎవరూ లేరు' అనే మాటలున్న తెలుగు పోస్టులు మూడేళ్లవి సుమారు 4 లక్షలు సేకరించాను. ఏడాదికేడాది సంఖ్య పెరుగుతూ గ్రాఫ్ చక్కగా పైకి పోతోంది. మా గైడ్ గారికి చూపిస్తే, 'ఇది సోషల్ మీడియా గురించి ఏమైనా చెప్తుందేమో గానీ సమాజం గురించి చెప్పదమ్మా' అన్నారు. సర్వేలవాళ్లు వెయ్యి మందిని అడిగి దేశం మొత్తం గురించి చెప్తారు కదా, నా 4 లక్షలు ఎందుకు చాలవు? సబ్మిషన్‌కి మూడు నెలలే టైముంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇదంతా పారేయాలా? ఇంకో చిన్న సందేహం: పబ్లిక్ పోస్టులే కదా, రాసినవాళ్ల అనుమతి అడగాలా?
- ఒక పాఠకురాలు

సమాధానం:

పారేయకండి. గ్రాఫ్‌ని మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ గైడ్ గారు అన్నది నిజమే, కాకపోతే సగం చెప్పి ఊరుకున్నారు. ఆ 4 లక్షల పోస్టులతో చేయగలిగిన మంచి పని ఒకటుంది. అది మీరు మొదలుపెట్టిన పని మాత్రం కాదు.

ముందు ఆ వెయ్యి మంది సంగతి చూద్దాం. సర్వేలో వాళ్లకి బలం వచ్చేది ఎంచుకున్న తీరు వల్ల. ఎవరైనా సరే ఆ వెయ్యిలో పడే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో సర్వే చేసేవాళ్లకి తెలిసి ఉండాలి. మీ 4 లక్షల్లోకి ఎవరికి వాళ్లే వచ్చి చేరారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి బ్యాలెట్లు పోస్టులో పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అవి లెక్కేసి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌కి వెళ్లాయి. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల నుంచి అడ్రసులు తీసుకోవడం ఒక పొరపాటైతే, ఓపిగ్గా నింపి తిరిగి పంపినవాళ్లనే లెక్కపెట్టడం ఇంకో పొరపాటు.

ఇది స్టాటిస్టిక్స్ క్లాసులో మీరు వినే ఉంటారు. అప్పట్లో తెలియక చేశారులే అనుకునీ ఉంటారు. అందుకే కొత్తది కూడా చెప్తాను. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా ఎంతమంది వేయించుకున్నారో తెలుసుకోవడానికి ఫేస్‌బుక్ వాడేవాళ్లని వారం వారం అడిగే భారీ సర్వే ఒకటి నడిచింది. వారానికి సుమారు రెండున్నర లక్షల జవాబులు వచ్చేవి. అదే సమయంలో ఆక్సియోస్ అనే వార్తా సంస్థ, ఇప్సోస్ అనే సర్వే సంస్థ కలిసి వెయ్యి మందికి అటూ ఇటూగా ఇంకో సర్వే చేస్తున్నాయి. తర్వాత ప్రభుత్వ లెక్కలతో పోల్చి చూస్తే, మే నెలలో భారీ సర్వే అసలు కన్నా 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. వెయ్యి మందిదే నిజానికి దగ్గరగా ఉంది. భారీ సర్వే నడిపినవాళ్లు ఆ పనికి కొత్తవాళ్లేం కాదు, జాగ్రత్తలూ తీసుకున్నారు. కానీ జవాబులు పెరిగేకొద్దీ లెక్కలో చూపించే అనిశ్చితి సన్నబడుతుంది, అసలు తప్పు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. చివరికి తప్పు అంకె మీద ధీమా పెరుగుతుంది. మీ 4 లక్షలతో నాకున్న భయం కూడా ఇదే.

అసలవి 4 లక్షల పోస్టులు, 4 లక్షల మంది కాదు. అకౌంట్లు ఎన్నో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో ట్విట్టర్ వాడే పెద్దవాళ్ల ట్వీట్లు పరిశీలిస్తే, అందులో 80 శాతం 10 శాతం మంది రాసినవే అని తేలింది. మీ దాంట్లో ఇంతకన్నా సమానంగా ఉంటుందని నేననుకోను. ఈ రోజే పోస్టుల్ని అకౌంట్ల వారీగా పేర్చి, అందరికన్నా ఎక్కువ రాసిన వంద అకౌంట్లు తెరిచి చూడండి. కవితల పేజీలు, కోట్స్ పేజీలు, వార్తా సంస్థలు, గంటకోసారి అదే మాట పోస్ట్ చేసే ఆటోమేటిక్ అకౌంట్లు తగుల్తాయి. 'ఒంటరితనమే నా నేస్తం' అని సూర్యాస్తమయం ఫొటో మీద రాసి రోజూ పెట్టే అడ్మిన్ ఒంటరివాడో కాదో మనకి తెలీదు. లైకుల్ని బట్టి చూస్తే తోడు బాగానే ఉన్నట్టుంది.

ఇంక ఆ మాట దగ్గరికి వద్దాం. తెలుగులో 'ఒంటరి' చాలా పనులు చేస్తుంది. జట్టంతా కుప్పకూలినా ఒక బ్యాటర్ నిలబడితే 'ఒంటరి పోరాటం'. మంద నుంచి విడిపోయి పొలాల్లో పడితే 'ఒంటరి ఏనుగు'. దొంగతనం వార్తలో 'ఇంట్లో ఒంటరిగా ఉన్న మహిళ'. పార్టీ పొత్తు లేకుండా దిగితే 'ఒంటరిగా బరిలోకి'. మీ మూడేళ్లలో ఒక ఎన్నికల ఏడాది ఉంటే, ఈ చివరిదొక్కటే గ్రాఫ్‌ని నిటారుగా లేపగలదు. 'ఎవరూ లేరు' పరిస్థితి ఇంకా అన్యాయం. 'మా హీరోని కొట్టేవాళ్లు ఎవరూ లేరు' అని అభిమానులు రోజుకెన్నిసార్లు రాస్తారో మీరే చూడండి.

రెండో వైపు సంగతి ఇంకా ముఖ్యం. నిజంగా ఒంటరిగా ఉన్న మనిషి ఆ మాట రాయకపోవచ్చు. 'మాట్లాడేవాళ్లు లేక ఫోన్ పట్టుకుని కూర్చున్నా.' 'పుట్టినరోజు కదా, ఎవరైనా గుర్తుపెట్టుకుంటారేమో అనుకున్నా.' రాత్రి రెండింటికి, 'ఎవరైనా మేలుకుని ఉన్నారా?' ఇలాంటివి ఒక్కటీ మీ వలలో పడవు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లు అసలే పడరు. వాళ్లలో 'ఒంటరి'ని ఓ తో మొదలుపెట్టేవాళ్లున్నారు, వీ తో మొదలుపెట్టేవాళ్లున్నారు. తెలుగు లిపిలోనే వెతికారంటే, తెలుగులో రాసే జనంలో ఒక వరసవాళ్లు మాత్రమే దొరికారన్నమాట.

టైము తక్కువ కాబట్టి పోస్టుల్లోని భావాన్ని సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టేద్దామని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే ఈ ముచ్చట గుర్తు చేసుకోండి. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజున అమెరికాలో పేజర్లకి వెళ్లిన 5 లక్షలకు పైగా మెసేజ్‌లు తర్వాత బయటికొచ్చాయి. పరిశోధకులు వాటిని భావాల నిఘంటువుతో లెక్కగట్టి, ఆ రోజు గడిచేకొద్దీ జనంలో కోపం పెరుగుతూనే పోయిందని 2010లో ప్రచురించారు. వినడానికి సహజంగానే ఉంది కదా. ఇంకో పరిశోధకురాలు ఆ మెసేజ్‌లు తెరిచి చదివితే వేరే సంగతి తేలింది. ఎక్కడో ఒక కంప్యూటర్ 'ఫలానా మెషిన్ రీబూట్ చేయండి, క్రిటికల్' అని తనంతట తనే వేలసార్లు పంపింది. 'క్రిటికల్' అనే మాట ఆ నిఘంటువులో కోపం కింద ఉంది. ఆ పెరిగిన కోపంలో చాలా భాగం ఈ యంత్రానిదే. తెలుగులో ఇంతకన్నా సుఖంగా ఏమీ ఉండదు. 'నవ్వలేక చస్తున్నా రా బాబూ' అన్నదాన్ని చావు ఖాతాలో, 'ఆహా, ఎంత బాగా చూసుకుంటున్నారో' అనే ఎత్తిపొడుపుని ఆనందం ఖాతాలో సాఫ్ట్‌వేర్ వేసేస్తుంది.

నాకూ ఒకసారి ఇలాంటి దెబ్బే తగిలింది. ఒక గ్రాఫ్‌లో రెండు రోజుల పాటు పెద్ద శిఖరం కనిపిస్తే, జనం ఎందుకంత స్పందించారో వివరిస్తూ మూడు పేజీలు రాసేశాను. మధ్యలో ఆగిపోయిన ప్రోగ్రామ్‌ని మళ్లీ నడిపించినప్పుడు అవే పోస్టులు రెండోసారి వచ్చి చేరాయని వారం తర్వాత తెలిసింది. ఆ మూడు పేజీలు చాలా బాగా వచ్చాయి కూడా, అదీ బాధ.

సరే, మీ గ్రాఫ్ ఎందుకు పైకి పోతోంది? మూడేళ్లూ ఎప్పటికప్పుడు సేకరించారా, లేక ఇప్పుడు కూర్చుని వెనక్కి వెతికారా? ఉత్తరాన్ని బట్టి రెండోదే అనిపిస్తోంది. అలా అయితే పెద్ద చిక్కే ఉంది. మనసు బాగోలేని రాత్రి రాసుకున్న పోస్టుని తెల్లారాక తీసేసేవాళ్లుంటారు, ఉద్యోగాల వేటలో పడ్డాక పాతవన్నీ తుడిచేసేవాళ్లుంటారు, అకౌంటే మూసేసేవాళ్లుంటారు. పోస్ట్ ఎంత పాతదైతే ఇప్పటికి మాయమైపోయే అవకాశం అంత ఎక్కువ. అంటే జనం ఒంటరితనం మూడేళ్లూ ఒకే తీరుగా ఉన్నా సరే, ఈ రోజు వెనక్కి చూస్తే గ్రాఫ్ పైకే పోతుంది. క్రికెట్ పోస్ట్ తీసేయాలని ఎవరికీ అనిపించదు. మీ అంశమే జనం సిగ్గుపడి చెరిపేసుకునే రకం.

దీన్ని పరీక్షించడానికి సులువైన దారి ఉంది. ఒంటరితనంతో ఏ సంబంధమూ లేని మాటలు నాలుగు తీసుకోండి: 'అందుకే', 'నిన్న', 'ఇంకా', 'కాబట్టి'. అదే పద్ధతిలో, అవే మూడేళ్లకి, వాటి పోస్టుల సంఖ్య చూడండి. 'అందుకే' గ్రాఫ్ కూడా మీ గ్రాఫ్ లాగే ఎక్కుతుంటే పెరిగింది ఒంటరితనం కాదు. రాసేవాళ్లు పెరిగుంటారు, లేదా పాతవి పోయుంటాయి. రెండూ పక్కపక్కన గీసి డిసర్టేషన్‌లో పెట్టండి. గ్రాఫ్ ఒక్కటే పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు, మీ గైడ్ గారు కూడా కాదనలేరు. అయితే ఒకటి: 'అందుకే' ఎక్కకుండా మీదొక్కటే ఎక్కితే సంబరపడిపోవద్దు. పైన చెప్పినట్టు ఒంటరితనం పోస్టులు మామూలు పోస్టుల కన్నా త్వరగా మాయమవుతాయి కాబట్టి, ఆ తేడాకీ వేరే కారణం మిగిలే ఉంటుంది.

ఇవి కాక పోస్టులు నడిచే వేదిక ప్రమేయం కూడా ఉంటుంది. 2011లో ఫేస్‌బుక్ స్నేహాల మీద వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో సరిగ్గా 20 మంది స్నేహితులున్నవాళ్లు అనుకున్నదాని కన్నా ఎక్కువ కనిపించారు. ఇందులో మనిషి స్వభావం ఏమీ లేదు. కొత్తగా చేరినవాళ్లని 20 మంది అయ్యేదాకా స్నేహితుల్ని చేర్చుకోమని ఫేస్‌బుక్కే తోస్తూ ఉండేది. మీ మూడేళ్లలో ఏ ఫీచర్ వచ్చిందో, ఏ నియమం మారిందో తారీఖులతో రాసుకోండి. డేటా ఏ దారిలో, ఏ రోజున తీసుకున్నారో కూడా రాయండి. ఈ దారులు ఉన్నట్టుండి మూసుకుపోతుంటాయి. పరిశోధకులకి ట్విట్టర్ ఉచితంగా ఇచ్చిన దారి 2023లో పోయింది, ఫేస్‌బుక్ పోస్టులు చూడ్డానికి వాడిన క్రౌడ్‌టాంగిల్‌ని 2024 ఆగస్టులో ఆపేశారు. రేపు ఇంకొకరు మీ పనిని సరిచూడాలంటే మీరు రాసిపెట్టిన ఈ వివరాలే ఆధారం.

ఇంతవరకు పోస్ట్ చేసినవాళ్ల గురించి మాట్లాడాం. చేయనివాళ్ల సంగతేంటి? 2012లో శాండీ తుఫాను అమెరికా తూర్పు తీరాన్ని కొట్టినప్పుడు 2 కోట్లకు పైగా ట్వీట్లు వచ్చాయి. వాటిలో ఎక్కువ న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ నుంచి. అవి మాత్రమే చూస్తే దెబ్బంతా అక్కడే తగిలిందనుకోవాలి. అదే నగరంలో ఎక్కువగా నష్టపోయిన రాకవే, కోనీ ఐలాండ్ లాంటి చోట్ల నుంచి వచ్చినవి చాలా తక్కువ. కరెంటు పోయి ఫోన్లు ఆగిపోయినవాళ్లు ఏం ట్వీట్ చేస్తారు? ఒంటరితనం ఇంకో రకం తుఫాను అనుకోండి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లు, చదువు లేనివాళ్లు, ఎవరికి చెప్పినా ఏం లాభం అనుకునేవాళ్లు మీ 4 లక్షల్లో లేరు. మీకు కావలసినవాళ్లేమో ముఖ్యంగా వాళ్లే.

ప్రాతినిధ్యం లేని డేటాని సరిచేయలేమా అంటే, ఒక్కోసారి చేయొచ్చు. 2012 అమెరికా ఎన్నికలప్పుడు ఎక్స్‌బాక్స్ మీద వీడియో గేమ్‌లు ఆడేవాళ్లని అడిగిన సర్వేలో 93 శాతం మగవాళ్లే. అయినా వయసు, లింగం, చదువు లాంటి వివరాలు అడిగి తెలుసుకున్నారు కాబట్టి, జనాభా లెక్కలకి తగ్గట్టు ఒక్కో వర్గం జవాబులకిచ్చే బరువు మార్చి నిజానికి దగ్గరగా వచ్చారు. మీ దగ్గర ఉన్నది ఒక మారుపేరు, ఒక పిల్లి బొమ్మ. వాటితో ఆ పని కాదు.

అందుకని ప్రశ్న మార్చండి. నా సలహా మొత్తంలో అసలు ముక్క ఇదే. 'సమాజంలో ఒంటరితనం పెరుగుతోందా' అన్నది మీ డేటా మోయలేని బరువు. 'తెలుగులో జనం తమ ఒంటరితనాన్ని నలుగురి ముందు ఎలా చెప్పుకుంటారు, చెప్పుకుంటే ఎలాంటి స్పందన వస్తుంది' అన్నది మోయగలిగింది. ఇక్కడ సోషల్ మీడియా సమాజానికి అద్దం కానక్కర్లేదు, అదే మీరు చూస్తున్న చోటు. చైనాలో సెన్సార్‌షిప్ మీద గ్యారీ కింగ్, జెనిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ 2013లో ప్రచురించిన పని చూడండి. దాదాపు 1,400 సైట్ల నుంచి పోస్టుల్ని సెన్సార్ చేసేవాళ్ల కన్నా ముందే తీసి పెట్టుకుని, తర్వాత వాటిలో ఏవి మాయమయ్యాయో చూశారు. ప్రభుత్వాన్ని తిట్టిన పోస్టులు చాలావరకు మిగిలాయి, జనాన్ని కూడగట్టి వీధుల్లోకి తెచ్చేలా ఉన్నవి పోయాయి. మీకు అడ్డొచ్చిన డిలీట్లే వాళ్లకి డేటా. చైనా ప్రజలు ఏమనుకుంటున్నారని వాళ్లు అడగలేదు, ఏవి తీసేస్తున్నారని అడిగారు. అందుకే జవాబు దొరికింది.

మూడు నెలల్లో ఏం చేయొచ్చంటే, ఆటోమేటిక్ అకౌంట్లు, వార్తలు, కోట్స్ పేజీలు, డూప్లికేట్లు తీసేయండి. మిగిలినవాటి నుంచి లాటరీ పద్ధతిలో 500 పోస్టులు తీసి, మీరూ మీ స్నేహితురాలూ విడివిడిగా చదవండి. రాసినవాళ్లు తమ సొంత ఒంటరితనం గురించి రాశారా, లేదా? ఇద్దరి జవాబులు ఎంతవరకు కలిశాయో కోహెన్ కప్పా అనే లెక్కతో చూడండి. సరిగ్గా కలవకపోతే కంగారు పడకండి, ఎక్కడ తేడా వచ్చిందో కూర్చుని వాదించుకోండి. 'ఒంటరిగా ఉన్నా, హాయిగా ఉంది' అనేది ఏ కోవలోకి వస్తుంది? నా అంచనా ప్రకారం మీ డిసర్టేషన్‌లో మంచి అధ్యాయం ఆ వాదనలోంచే వస్తుంది. 500లో 60 మాత్రమే అసలైనవని తేలినా అది కూడా ఫలితమే, ఆ సంఖ్య దాచకండి.

కుదిరితే నూట యాభై మందితో చిన్న సర్వే కూడా చేయండి. ఒంటరితనం కొలవడానికి యూసీఎల్ఏ స్కేల్ అని ఒకటుంది, దానికి మూడు ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది: తోడు లేదని, మిమ్మల్ని పక్కన పెట్టేశారని, అందరికీ దూరమయ్యారని ఎంత తరచుగా అనిపిస్తుంది? దానికి మీ సొంత ప్రశ్న ఒకటి కలపండి: అలా అనిపించినప్పుడు సోషల్ మీడియాలో ఎప్పుడైనా రాశారా? ఎక్కువ ఒంటరితనం ఉన్నవాళ్లు రాస్తున్నారో, మౌనంగా ఉంటున్నారో కాస్తయినా తెలుస్తుంది. నూట యాభై మంది కూడా సమాజం కాదు, ఆ మాట కూడా రాయండి.

మీ చివరి సందేహాన్ని చిన్నది అన్నారు గానీ, చిన్నది కాదు. పబ్లిక్ పోస్ట్ అంటే ఎవరైనా చూడొచ్చని ఒప్పుకోవడమే, పరిశోధనలో ఉదాహరణగా నిలబడటానికి ఒప్పుకోవడం కాదు. ఇన్ని పోస్టులు రాసినవాళ్లందరినీ అనుమతి అడగడం ఎలాగూ కుదరదు కాబట్టి, మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ ఉంటే దాని ముందు, లేకపోతే మీ గైడ్ గారి ముందు రాతపూర్వకంగా పెట్టండి. పేర్లు తీసేస్తే చాలనుకోవద్దు. 2006లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ దాదాపు ఆరున్నర లక్షల మంది సెర్చ్‌లని పేర్లకి బదులు నంబర్లు వేసి బయటపెట్టింది. విలేకరులు కొద్ది రోజుల్లోనే ఒక నంబర్ వెనకున్న మహిళ ఇంటి తలుపు తట్టారు. మీరు పోస్టుని ఉన్నదున్నట్టు కొటేషన్‌లో పెడితే, ఆ వాక్యాన్ని సెర్చ్‌లో వేసినవాళ్లకి మనిషి దొరికిపోతారు. అర్థం చెడకుండా మీ మాటల్లో తిరగరాయండి. ఉన్నది ఉన్నట్టు పెట్టి తీరాలంటే ఆ ఒక్కరిని అడగండి. సేకరించాక రాసినవాళ్లు తీసేసిన పోస్టుని మీరూ తీసేయండి.

చివరిగా ఒకటి. 500 పోస్టులు ఒక్కొక్కటిగా చదువుతుంటే, బతకాలని లేదన్న ధోరణిలో రాసినవి ఎదురు కావచ్చు. నిన్ననే రాసింది కూడా కావచ్చు. అప్పుడు ఎవరికి చెప్పాలి, ఆ వేదికలో రిపోర్ట్ ఎలా చేయాలి, సహాయం అందించే ఏ నంబర్ పంపాలి, మీ ఇద్దరికీ చదవడం భారమైతే ఎప్పుడు ఆపాలి, ఇవన్నీ మీ గైడ్ గారితో కూర్చుని కాగితం మీద రాసుకోండి. మొదటి పోస్ట్ తెరవకముందే.